విఠల్ అమ్మని మొదటి ప్లాటు

నిన్న ఉదయం విఠల్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా అన్న పోయిండు. గుండెపోటు" అన్నాడు.

"ఏ అన్న?" అని అడిగాను.

అతనికి ఉన్నది ఒక్కడే అన్న. ఆ సంగతి నాకు తెలుసు.

ఇన్నేళ్ల రిపోర్టర్ ఉద్యోగంలో మరణవార్తను రెండోసారి అడిగి నిర్ధారించుకోవడం అలవాటైంది. నిన్న మాత్రం వేరే జవాబు వస్తుందేమోనని అడిగాను.

బాన్సువాడలో చాలామందికి అతను ప్లాట్ల విఠల్. నాకు ఎక్కువగా గుర్తున్నది రియల్ ఎస్టేట్‌లోకి వచ్చిన కొత్తలో చూసిన విఠల్. కోటగిరి దగ్గర వరి రైతు కొడుకు. ఇన్‌షర్ట్ చేసుకుని, బైక్ కవర్‌లో బ్రోచర్లు పెట్టుకుని తిరిగేవాడు.

మూడు నెలలైనా ఒక్క ప్లాటూ అమ్మలేదు. ఈ నెల కూడా అమ్మకపోతే ఇక రావద్దని వెంచర్ మేనేజర్ చెప్పేశాడు.

అప్పుడే బస్టాండ్ దగ్గర టిఫిన్ బండి నడిపే లక్ష్మక్క కొంటానంది. ఇల్లు కట్టుకోవడానికి చిన్న ప్లాటు. ఎండాకాలంలో చూపించాడు. నేల గట్టిగా ఉంది.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నా ఫస్ట్ ప్లాటు. పేపర్ల ఫోటో ఏస్తవా?"

"ప్లాటు అమ్మితే వార్త కాదురా."

"అయితే ఉత్తగనే సూద్దువు రా" అని బైక్ ఎక్కించుకున్నాడు.

అప్పటికి వెంచర్ పక్కనున్న కాలువకు నీళ్లు వదిలి వారమైంది. ప్లాటు నంబరు రాయి ఒరిగి ఉంది. సరిచేద్దామని వెళ్లాడు. కాలు చీలమండ దాకా దిగబడింది.

వాన పడలేదు. కాలువ నీళ్లు లోపల ఊరి పైకి వచ్చాయి.

కాలు పైకి లాక్కుని నా వైపు చూశాడు.

"ఎండకాలంలనే సూపియ్యిమని మేనేజర్ చెప్పిండు. కాలువ కింద పుట్టినోన్ని, నాకెట్ల యాదికి రాలేదన్నా?"

నేనేమీ సలహా ఇవ్వలేదు. అతనే ఫోన్ తీశాడు.

"అక్కా, బండి జర బంద్ పెట్టి రా. చెప్పులిడిచి ప్లాట్ల నడిచి సూడు."

లక్ష్మక్క ఆటోలో వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"గిదేందిరా? ఇల్లు కట్టుకోమంటున్నవా, నాట్లేసుకోమంటున్నవా?"

"నాదే తప్పు అక్కా. తీస్కోకు."

మర్నాడు రిజిస్ట్రేషన్ జరగలేదు. ఆ వారంలోనే ఉద్యోగం పోయింది.

కొన్ని నెలలు ట్రాక్టర్ నడిపాడు. తర్వాత ప్లాట్ల పనే సొంతంగా మొదలుపెట్టాడు. ఏ ప్లాటైనా రెండుసార్లు చూపించేవాడు. కాలువ బంద్ ఉన్నప్పుడు ఒకసారి, పారుతున్నప్పుడు ఒకసారి. అన్నాళ్లు ఆగే ఓపిక లేక వేరేచోట కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. అతను పెద్దగా సంపాదించలేదు.

ఆ మొదటి బేరం పోయినందుకు బాధ లేదా అని ఒకసారి అడిగాను.

"ఎందుకుండదన్నా? ఉంటది. కానీ అక్క ఎదురైతే సందు మారి పోయే ఫికర్ లేదు. రోజూ గా బండి కాడనే తింట."

నిన్న సాయంత్రం అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో కొందరిని నేను గుర్తుపట్టలేదు. ఎవరని అడిగాను.

విఠల్ చూపించిన స్థలంలో ఇల్లు కట్టుకున్నామని చెప్పారు.

పోయిరా తమ్ముడూ. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.