టీచరమ్మ ఆదివారాలు

మంగళవారం పొద్దున టీచరమ్మ కోడలు ఫోన్ చేసింది. "సార్, అత్తమ్మ పోయింది. చాయ్ ఇద్దామని లేపితే లెవ్వలే" అని రెండు ముక్కలు చెప్పి, ఇంకా చాలామందికి చెప్పాలని పెట్టేసింది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో రాస్తే మీరు నన్ను మనిషిగా చూడరేమో. అయినా రాస్తాను. ఇక ఆదివారాలు నావి అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

సిద్దిపేటలో ఉన్నవాళ్ళలో చాలామందికి ఆమె తెలుసు. మా ఊరి ఆర్ట్ మ్యూజియానికి ఒక్కసారైనా వచ్చినవాళ్ళు నన్ను మరిచిపోయి ఉంటారు కానీ ఆమెను మరిచిపోయి ఉండరు. నేను ఆ మ్యూజియంలో బొమ్మల బాధ్యత చూసేవాణ్ణి. ఏ బొమ్మ ఏ గోడకు ఉండాలి, ఎంత వెలుతురు పడాలి, దాని కింద చీటీలో ఏమి రాయాలి, ఇవన్నీ నా పనులు. హైదరాబాదులో చదివి వచ్చాను. ఆమె ప్రభుత్వ బాలికల పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా రిటైరై, నెలలో రెండో ఆదివారం జనం కోసం పెట్టే కార్యక్రమం తన చేతుల్లోకి తీసుకుంది. చీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని, చంకలో సర్వపిండి డబ్బాతో వచ్చేది. తొమ్మిదేళ్ళు మేమిద్దరం ఒకే కప్పు కింద పనిచేశాము. ఆ తొమ్మిదేళ్ళూ నేను ఆమెను చూసి కుళ్ళుకున్నాను. గౌరవంగా చెప్పే మాట ఇంకొకటి దొరికితే అదే రాసేవాణ్ణి.

మొదటి గొడవ నా చీటీల దగ్గరే మొదలైంది. ఒక్కొక్క బొమ్మకు చీటీ రాయడానికి నేను ఎన్నో పుస్తకాలు తిరగేశాను. గీసినవాళ్ళు ఎవరు, రంగు దేనితో చేశారు, ఏ కాలం నాటిది, అన్నీ మంచి తెలుగులో రాసి అచ్చు వేయించాను. ఆమె తన మొదటి ఆదివారం నాడే పాత క్యాలెండరు కాగితాలు తెచ్చి, తెల్లవైపు బయటికి పెట్టి, చీటీలన్నిటినీ మూసేసింది.

"ఇదేంది టీచరమ్మా, అవి చదువుకోవడానికే కదా పెట్టింది" అన్నాను.

"ముందు సూడనియ్యి సారూ. సదువుడు తర్వాత. సదివినంక ఇగ ఎవ్వలు సూడరు" అంది, కాగితానికి పిన్ను గుచ్చుతూనే.

ఆ రోజు వచ్చినవాళ్ళు బీడీలు చుట్టే ఆడవాళ్ళు. చదవడానికి ఏమీ లేక బొమ్మల ముందు నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక బొమ్మలో ఆడమనిషి కూర్చున్న తీరు చూసి, "గీమెకు నడుం నొప్పి ఉన్నది, మనలెక్కనే పొద్దుందాక కూసున్నట్టున్నది" అని ఒకామె అంది. ఆ బొమ్మ గురించి నేను ఇరవై వరుసలు రాశాను. నడుము నొప్పి మాట అందులో లేదు. వెళ్ళి చూస్తే నిజంగానే బొమ్మలోని ఆమె ఒక చేయి నడుముకు ఆనించుకుని ఉంది.

నేను కూడా ఒక ఉపన్యాసం పెట్టాను. శనివారం సాయంత్రం, తెర మీద బొమ్మలు చూపిస్తూ, రంగుల చరిత్ర. ఏడుగురు వచ్చారు. అందులో ముగ్గురు మా సిబ్బంది, ఒకాయన వాన వెలిసేదాకా ఆగినవాడు. మర్నాడు టీచరమ్మ కార్యక్రమానికి చెప్పులు పెట్టడానికి మెట్ల మీద జాగ లేకపోయింది. ఆ చెప్పులను చూసి నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆమె నా మొహం చూసి నవ్వింది. "సారూ, నీకు మస్తు తెలుసు. గదే జర అడ్డమొస్తుంది" అంది. ఎగతాళిగా అనలేదు. జ్వరం వచ్చిందని చెప్పినట్టు చెప్పింది. ఎగతాళి చేసి ఉంటే నేను తేలిగ్గా కోపం తెచ్చుకునేవాణ్ణి.

ఇక ఆ పటం సంగతి చెప్పాలి. మా దగ్గర చేర్యాల పటం ఒకటి ఉంది. ఎర్రటి రంగు మీద వరుసలు వరుసలుగా బొమ్మలు గీసిన పొడవైన బట్ట. వెనకటికి ఇలాంటి పటాలను ఊరూరా తిప్పి, ఒక్కొక్క కులం వాళ్ళకు వాళ్ళ కథ చెప్పేవారు. మా దగ్గర ఉన్నది గౌడుల కథ. చాలా పాతది, అంచులు చినిగిపోయాయి. దాన్ని గోడకు బిగించి, ముందు తాడు కట్టి, తాకరాదని రాసిపెట్టాను.

టీచరమ్మ కోహెడ నుంచి గౌడ కుటుంబాలను పిలిచింది. బస్సు దిగి నలభై మంది వచ్చారు. వాళ్ళతో కొబ్బరికాయలు వచ్చాయి, కర్పూరం వచ్చింది, పసుపు కుంకుమలు వచ్చాయి. పటం వస్తే పూజ చేయకుండా కథ వినకూడదన్నది వాళ్ళకు తెలిసిన పద్ధతి. మ్యూజియం అంటే వాళ్ళ లెక్కలో పటం ఆగిన జాగ. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి, లోపల మంట పెట్టకూడదని చేతులు అడ్డం పెట్టాను.

"జర ఆగు సారూ. వీళ్లు దేవుణ్ణి సూడొచ్చిన్రు. బొమ్మను తర్వాత సూస్తరు" అంది టీచరమ్మ.

నేను ఆగలేదు, కర్పూరం ఆర్పించాను. ఆర్పిస్తూ ఉండగానే ఒక ముసలామె తాడు కింద నుంచి వంగి వెళ్ళి పటం అంచుకు బొట్టు పెట్టింది. ఆ గలాటాలో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, ఇది చినిగిపోయిన పటం. ఇట్లయితే గంగల కలిపేటోళ్లు మా పెద్దలు. మీరు ఎందుకు ఆపిన్రు దీన్ని?"

నేను పాత వస్తువులను కాపాడడం ఎందుకు అవసరమో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విన్నాడు. నా మాట ఆయన చెవి దాకా వెళ్ళి అక్కడే నిలబడి ఉంది. అప్పుడు టీచరమ్మ వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"తాతా, దీన్ని గంగల కలిపితే ఇంకోటి గీసియ్యాలె గదా. గసొంటిది గీసేటోడు మనకు దొరికేదాంక దీన్ని ఉండనియ్యి. గందుకే సార్ కాపాడుతున్నడు."

"గట్లనా" అన్నాడు ఆయన. నా వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ దండం నాది కాదు. నేను అరగంట చెప్పినా రానిది ఆమె రెండు మాటలతో తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకోక తప్పలేదు, మింగుడు పడలేదు.

ఆ వారమే నేను మ్యూజియం నడిపే కమిటీకి ఒక కాగితం రాశాను. ఆదివారం కార్యక్రమాల వల్ల బొమ్మలకు ప్రమాదం ఉందని, లోపల కర్పూరం వెలిగించారని, పటం మీద కుంకుమ పడిందని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. రాసింది నిజమే, రాయించింది మాత్రం కుళ్ళు. ఎవరు రాశారో బయటికి చెప్పవద్దని కూడా అడిగాను. కమిటీ వాళ్ళు ఆదివారాలు ఆపేశారు.

మూడు నెలలు ఆపారు. ఆ మూడు నెలల్లో నా ఉపన్యాసాలు ఆ జాగలో పెట్టాను. గదులు శుభ్రంగా ఉన్నాయి, పటం భద్రంగా ఉంది, మనుషులు రాలేదు. ఒకసారి ప్రజ్ఞాపూర్ బస్టాపులో ఒకామె నన్ను గుర్తుపట్టి, "టీచరమ్మకు పానం మంచిగలేదా? ఆదివారం ఎందుకు పెడ్తలేదు?" అని అడిగింది. బస్సు వచ్చిందని చెప్పి ఎక్కేశాను. అది నేను వెళ్ళాల్సిన బస్సు కాదు.

తర్వాత కమిటీ వాళ్ళే మళ్ళీ ఆమెను పిలిచారు. వచ్చిన మొదటి రోజు ఆమె నేరుగా నా గదికి వచ్చి కూర్చుంది. "సారూ, అగరబత్తి ఎంత దూరంల ముట్టియ్యాలె, నువ్వే చెప్పు. నువ్వు చెప్పినకాడనే ముట్టిస్తం" అంది. నేను టేపు పట్టుకుని కొలిచి, గది బయట ఒక బల్ల వేయించాను. ఆ రోజు నుంచి పూజ ఆ బల్ల దగ్గర, కథ లోపల. అంతా సజావుగా జరిగింది. ఆమెకు ఏమీ తెలియదని ఊపిరి పీల్చుకున్నాను. తెలియకపోవడం వల్ల ఆమె మీద కొంచెం జాలి కూడా పడ్డాను. చూశారా నా పెద్దమనసు.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టి, "తిను సారూ, కాగితాలల్ల పడి సిక్కిపోయినవ్" అన్న ప్రతిసారీ నోటి దాకా వచ్చేది. పిండితో పాటు మింగేసేవాణ్ణి. వచ్చే నెల చెబుదాం అనుకునేవాణ్ణి. ఆమెకు నెలలు అయిపోతాయని నాకు తట్టలేదు.

అంత్యక్రియలకు ఎంతమంది వచ్చారో చెప్పను. వీధి చివరిదాకా నిలబడ్డారు. ఏడుస్తూనే నేను, రేపు నేను పోతే వీళ్ళలో ఎవరు వస్తారా అని ఒక్కొక్క మొహం చూసుకున్నాను. మనిషి అక్కడ పడుకుని ఉన్నా నా బుద్ధి మారలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక, ఆమె కోడలు నన్ను పక్కకు పిలిచింది. మ్యూజియానివేవో పుస్తకాలు ఇంట్లో ఉన్నాయని ఇచ్చింది. ఇస్తూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు అంది.

"అప్పట్ల ఆదివారాలు ఆపమని కాగితం రాసింది మీరేనట గదా సార్."

ఎవరు చెప్పారని అడిగాను.

"అత్తమ్మే చెప్పింది. కమిటీల కాగితం సూపిచ్చిన్రట. మీ తెలుగు ఇంకెవ్వలు రాస్తరు సార్. మాకు కోపమొచ్చింది. ఆమెకు రాలే. 'సార్ రాసింది నిజమే, ఆయన జాగల ఉంటే నేను గూడ రాస్తుంటి' అన్నది. మీకు తెల్వనియ్యద్దన్నది. తెలిస్తే మీరు ఆదివారం నాడు మీ గదిలనే కూసుంటరట, బయటికి రారట."

అంటే బల్ల కొలిచిన రోజుకే ఆమెకు తెలుసు. సర్వపిండి పెట్టిన ప్రతిసారీ తెలుసు. మనుషులను గెలుచుకోవడంలో నన్ను మించిందని ఇన్నేళ్ళు ఏడ్చాను. క్షమించడంలో కూడా నాకంటే ముందే వెళ్ళి కూర్చుంది, నేను అడగకముందే. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె మీద కోప్పడ్డాను. తప్పు ఒప్పుకునే ఒక్క అవకాశమైనా నాకు మిగల్చాల్సింది.

తర్వాత వచ్చింది రెండో ఆదివారం. కార్యక్రమం ఉండదని బోర్డు పెట్టించాను. పదకొండు గంటలకు దౌల్తాబాద్ నుంచి ఇరవై మంది దిగారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. పోయిన ఏడాది ఒకసారి వచ్చినవాళ్ళు. రమ్మని నెల కిందటే టీచరమ్మ వాళ్ళకు ఫోన్ చేసిందట. ఏమైందో వాళ్ళకు తెలియదు. లోపలికి వచ్చి పటం ముందు కూర్చుని, "టీచరమ్మ ఏది సార్?" అని అడిగారు.

నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. తర్వాత అందరిలోకి పెద్దామె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నీకేం కనవడ్తుందవ్వా అని నన్ను అడిగింది గామె ఒక్కతే. నా మొగడు గూడ ఎన్నడు అడగలే" అంది. నా గురించి ఆ మాట ఎవరూ అనరు. ఆ క్షణంలో కూడా నాకు అదే తట్టింది.

వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. వచ్చినందుకు కథ చూసే పోతామని పటం వైపు తిరిగారు. నేను చెప్పనా అంటే వద్దన్నారు, వాళ్ళలో వాళ్ళే చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. కొంతసేపటికి ఏడుపు మొహాలతోనే ఎందుకో కిసుక్కున నవ్వారు.

"ఏమైంది?" అన్నాను.

"గీన్ని సూడు సార్" అని పెద్దామె అడుగు వరుసలో ఒక మూలకు వేలు చూపించింది. ఊరేగింపులో అందరూ దేవుడి వెంట పోతుంటే, ఒకడు మాత్రం చెట్టు చాటున నిలబడి మూతి ముడుచుకుని ఉన్నాడు. జానెడు కూడా లేడు. "పోయినసారి మేం గీని మొకం జూసి నవ్వితే టీచరమ్మ కోప్పడ్డది. నవ్వకున్రి, గీనికి గూడ అందరితోని పోవాలనే ఉన్నది, పిల్సేటోళ్లు లేక ఆడ నిలవడ్డడు అన్నది."

తొమ్మిదేళ్ళు ఆ పటాన్ని కాపలా కాశాను. దాని పొడవు, వెడల్పు, రంగుల పేర్లు అన్నీ నాకు నోటికి వచ్చు. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె చూసింది. వాళ్ళకు చెప్పింది, నాకు చెప్పలేదు. మళ్ళీ కుళ్ళుకున్నాను, ఈసారి కళ్ళు నిండిపోయాయి.

పెద్దామె నా మొహం చూసింది. పక్కనున్నవాళ్ళను మోచేత్తో నెట్టింది. "జర జరుగున్రి. రా సార్, నువ్వు గూడ కూసో."

వాళ్ళ మధ్య కూర్చున్నాను. కింద నుంచి చూస్తే ఆ మనిషి మూతి ముడుచుకున్నమాట నిజమే కానీ, కళ్ళు మాత్రం ఊరేగింపు వైపే ఉన్నాయి. ఒక కాలు చెట్టు దాటి బయట ఉంది.