యాదలక్ష్మి పోలండ్ చదువు

యాదలక్ష్మి తండ్రి బిక్షపతి మెదక్‌లో ఆర్టీసీ కండక్టర్. తల్లి గిర్నిలో పిండి పట్టే పనికి పోయేది. అమ్మానాన్నలిద్దరూ పొద్దున్నే బయటపడే ఇల్లు కావడంతో యాదలక్ష్మిని పెంచిందంతా నానమ్మ ఐలమ్మే. జడ వేసింది ఆమె, బడికి తీసుకెళ్లింది ఆమె, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదీ ఆమే.

హైదరాబాద్‌లో ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నప్పుడు కాలేజీవాళ్లు ఒక సెమిస్టర్ పోలండ్‌లో చదివేందుకు యాదలక్ష్మిని ఎంపిక చేశారు. ఆ కబురు ఇంటికి ఫోన్ చేసి చెప్పింది.

"గా పోలండు ఏడుంటది బిడ్డా?" అన్నాడు తండ్రి.

ఐలమ్మ ఫోన్ లాక్కుని, "గాడ బువ్వ దొరుకుతదా?" అని ఒక్కటే అడిగింది. దొరుకుతుందంటే, "అయితే పో" అంది.

అక్టోబరులో వెళ్లింది. ఆ ఊళ్లో అప్పటికే స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకోవాల్సిన చలి. హాస్టల్లో అంతస్తు మొత్తానికీ ఒకటే వంటగది. అందులో ఎవరూ లేని సమయం చూసుకుని అన్నం వండుకుని, గిన్నె గదిలోకి తెచ్చుకుని, ఫోన్ గోడకు ఆనించి వీడియో కాల్‌లో ఐలమ్మను చూస్తూ తినేది. గది తలుపు మూస్తే అది మెదక్. తలుపు తీస్తేనే పోలండ్. అందుకని తలుపు తీయడం తగ్గించింది.

క్లాసులో పాఠం ఇంగ్లీషులోనే చెప్పేవారు. కానీ ఆ ప్రొఫెసర్ ఉచ్చారణలో సగం మాటలు ఆమెకు అందేవి కావు. అర్థం కాలేదని నిలబడి చెప్పడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. చెబితే వెనక బెంచీలు నవ్వుతాయని భయం. అందుకని అన్నిటికీ తల ఊపేది.

ఆ తల ఊపడమే ఒకరోజు చేటు తెచ్చింది. ల్యాబులో ఆమె జోడీ జోఫియా అనే ఆ ఊరి అమ్మాయి. ఇద్దరూ కలిసి రొట్టె పిండి మీద వారమంతా కొలతలు తీసుకున్నారు. ఆ పిండిని రాత్రికి వెచ్చటి అల్మారాలో పెట్టమని ప్రొఫెసర్ చెబితే, యాదలక్ష్మి సరేనని ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లవారి చూస్తే పిండి ఏమాత్రం పొంగలేదు. వారం కష్టం పోయింది.

"అర్థం కాకపోతే అడగొచ్చు కదా?" అంది జోఫియా. అరవలేదు. నిజంగానే తెలియక అడిగింది.

మొదటి పరీక్షలో రెండు వచ్చింది. అక్కడ రెండంటే ఫెయిల్. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, "అంతా మంచిగనే ఉంది బాపు" అంది.

నవంబరు నడుమ నుంచి ఐలమ్మ ఫోన్లో కనబడలేదు. అడిగితే తల్లి, "రేగోడ్ పోయింది, మీ మేనత్త కాడికి. సంక్రాంతి దాక రాదేమో" అంది. మేనత్త ఊళ్లో సిగ్నల్ సరిగా రాదు కాబట్టి యాదలక్ష్మి నమ్మింది. పైగా ఐలమ్మ అయితే ముఖం చూసి కడుపులో మాట పట్టేస్తుంది. ఆమె కనబడకపోవడం ఒకందుకు నయమే అనుకుంది. తర్వాత్తర్వాత యాదలక్ష్మిని బాగా గుచ్చింది ఆ తలపే.

జనవరిలో యాస్మీన్ ఫోన్ చేసింది. ఇద్దరిదీ ఒకే వీధి, బడి కూడా ఒకటే. తన పెళ్లి కుదిరిందని చెప్పడానికి చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ నానమ్మ దినాలనాడు అందరు నిన్నే యాది చేసిండ్రే" అంది.

"ఎవరి దినాలు?"

"నీకు చెప్పలేదా?" అంది యాస్మీన్. ఆ గొంతులోనే అంతా తెలిసిపోయింది.

ఇంటికి చేస్తే తల్లికి ఏడుపు తప్ప మాట రాలేదు. బిక్షపతి డ్యూటీ దిగి వచ్చి తనే ఫోన్ చేశాడు.

"నవంబర్లనే గుండె నొప్పొచ్చింది. దవాఖానకు తీస్కపొయ్యే లోపల్నే పాయె. నీకు చెప్తే ఉరికొస్తవ్. వచ్చినా ముఖం సూడ దొరకదు. చదువు ఆగమైతదని చెప్పలే."

"వచ్చుడా, ఉండుడా అన్నది నేను సూస్కుంటుంటి గద బాపు. నాకొక్క మాట చెప్పాలె గద."

బిక్షపతి తప్పని గానీ ఒప్పని గానీ అనలేదు. "మరి నువ్వు అన్నీ చెప్తున్నవా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

అప్పుడు యాదలక్ష్మి చెప్పింది. పరీక్ష పోయిన సంగతి, పాఠం అర్థం కాని సంగతి, వారాల తరబడి ఇంట్లోవాళ్లతో తప్ప ఎవరితోనూ నోరు విప్పని సంగతి. తండ్రి అంతా విని, "అట్లనా" అన్నాడు.

మర్నాడు క్లాసుకు పోలేదు. ల్యాబు పని గురించి అడగడానికి జోఫియా వచ్చి తలుపు కొట్టింది. నానమ్మ పోయిందని ఆమెకు చెప్పింది. ఆ ఊళ్లో ఒకరికి తన సంగతి చెప్పుకోవడం యాదలక్ష్మికి అదే మొదలు. జోఫియా ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. కోటు వేసుకోమని, బస్సెక్కించి, ఊరి చివర శ్మశానానికి తీసుకెళ్లింది. వాకిట్లో సమాధుల మీద పెట్టే గాజు దీపాలు అమ్ముతున్నారు. రెండు కొంది.

"మా నానమ్మ ఇక్కడ ఉంది" అంది ఒక సమాధి మీది మంచు తుడుస్తూ. "మీ నానమ్మ దీపం కూడా ఇక్కడే పెట్టుకుందాం. ఈమె ఏమీ అనుకోదు."

గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతూనే ఉన్నాయి. ఇద్దరూ ఒంగి, చేతులు అడ్డం పెట్టి, ఎలాగో వెలిగించారు. యాదలక్ష్మి అక్కడే తనివితీరా ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె క్లాసులో చెయ్యెత్తడం మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ అదే మాట నెమ్మదిగా మళ్లీ చెప్పేవాడు, కొన్నిసార్లు బోర్డు మీద రాసేవాడు. చివరికి ఒక్క పేపరు మిగిలిపోతే హైదరాబాద్ వచ్చాక రాసి పాసైంది. గొప్ప మార్కులేమీ కావు.

మెదక్‌లో ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో ఐలమ్మ మంచం లేదు. ఆ చోట తల్లి కుట్టుమిషన్ పెట్టుకుంది. యాదలక్ష్మి దాని పక్కనే చాలాసేపు నేల మీద కూర్చుంది.

ఇప్పుడామె మనోహరాబాద్ దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేస్తోంది. పోయిన వేసవిలో మెదక్‌లోని ఒక కాలేజీ లెక్చరర్ మదన్ మోహన్, విదేశాల్లో సెమిస్టర్ చదవబోయే పిల్లలతో మాట్లాడమని పిలిచాడు. పిల్లల తల్లిదండ్రులూ వచ్చారు. ఫోటోలు చూపిస్తుందని అనుకున్నారు గానీ, ఆమె పిండి ఫ్రిజ్‌లో పెట్టిన కథతో మొదలుపెట్టింది.

"సమజ్ కాకపోతే కాలేదని చెప్పుండ్రి. తల ఊపకుండ్రి. బువ్వ గదిలకు తెచ్చుకోకుండ్రి, వంటగదిలనే కూసోని తినుండ్రి. మొదట్ల ఎవ్వరు మాట్లాడరు, మీరే మాట్లాడాలె. నేను నాలుగు నెల్లు ఆలస్యం జేసిన."

నానమ్మ పోయిన సంగతి రెండు నెలలకు స్నేహితురాలి నోట విన్నదీ దాచలేదు. పోయేముందే ఇంట్లోవాళ్లతో ఒక ఒప్పందం చేసుకోమంది. మంచైనా చెడ్డైనా రెండువైపులా దాచకూడదు.

వెనక వరసలో ఎల్లం అనే రైతు లేచాడు. అతని కూతురు కావ్య ఆ ఏడు వెళ్తోంది.

"మా అమ్మకు తబియత్ మంచిగ లేదు. పిల్ల గాడ ఉండంగ ఏమన్న అయితే, చెప్పాల్నంటవా బిడ్డా? పరీక్షల నడుమైనా?"

"చెప్పుండ్రి. ఏం జెయ్యాల్నో మీ బిడ్డ తేల్చుకుంటది."

ఎల్లం కూర్చోలేదు. పక్కనున్న కూతురి వైపు తిరిగి, "చెప్పాల్నా?" అని ఆమెనే అడిగాడు.

కావ్య కొంచెం ఆలోచించి, "చెప్పు" అంది. "గని ఫోన్ల నువ్వే చెప్పాలె, ఇంకెవ్వరు చెప్పొద్దు."