ముక్కు చూసి జోడీ కట్టిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మొన్న ఆదివారం పొద్దున చర్చికని తెల్లచీర కట్టుకుని, పిట్టలకు నీళ్లు మార్చి, వరండాలో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసింది. పిట్టలన్నీ మూగబోయాయని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అది అబద్ధం. ఎప్పటిలాగే గల్లీ చివరిదాకా వినబడేట్టు గోల చేస్తున్నాయి. ఆ గోలకు నా పిలుపు వినబడలేదేమో అనుకుని మళ్లీ మళ్లీ పిలిచాను.

వరంగల్‌లో మా గిర్మాజీపేట గల్లీలో ఆమెను ఎరగనివాళ్లు లేరు. వరండాలో మనిషెత్తు జాలీ పంజరం, దాని నిండా అందరూ లవ్ బర్డ్స్ అనే చిన్నజాతి చిలకలు, పచ్చవీ పసుపువీ నీలివీ. పెద్దనాన్న పోయాక ఇంట్లో చప్పుడే లేదని మొదటి జంటను తెచ్చుకున్నది.

ఆ జంట సంగతి చెప్పి తీరాలి. అమ్మినవాడు పక్కా జోడీ అన్నాడు. నిజంగానే ఒకదాని నోట్లో ఒకటి మేత పెట్టుకునేవి, ఒకదాని మెడ ఒకటి దువ్వుకునేవి. పెద్దమ్మ మురిసిపోయి, కుమ్మరి చేత పక్కన బొక్క పెట్టించిన చిన్న కుండ తెచ్చి గూడు కట్టింది. నెలలు గడిచినా గుడ్డు లేదు. పాస్టరమ్మను పిలిచి ప్రార్థన కూడా చేయించింది. ఆఖరికి హసన్‌పర్తి నుంచి వచ్చిన చుట్టపాయన ఒకడు చూసి పడీ పడీ నవ్వాడు.

"అత్తా, రెండూ మొగయే! ముక్కు మీద చూడు, రెంటికీ నీలం ఉన్నది. ఆడదానికైతే గోధుమరంగు ఉంటది."

ఇంకొకరైతే సిగ్గుపడి ఊరుకునేవాళ్లు. పెద్దమ్మ వాడకట్టంతా తిరిగి తనే చెప్పుకుని నవ్వింది. "రెండు మొగపిట్టలకు సంతానం ఇయ్యమని ప్రార్థన జేపిచ్చిన! దేవుడు ఎంత నవ్వుకున్నడో!" వాటిని మాత్రం విడదీయలేదు. "దోస్తులు, ఉండనియ్యి" అని, వేరే ఆడపిట్టలను తెచ్చి వేరే జంటలు కట్టింది. నా పెళ్లిచూపుల రోజు గోడ మీంచి తొంగిచూసి, "ముక్కు చూసినవా పిల్లా? ముక్కు చూడకుంట జోడీ కట్టద్దు" అన్నది. లోపల పెళ్లికొడుకు వాళ్లు కూర్చుని ఉన్నారు. నవ్వాపుకోలేక టీ అంతా ట్రేలో ఒలకబోశాను.

కుండలన్నీ ఒకే ఎత్తులో కట్టేది, జంటల కంటే ఎక్కువే కట్టేది. లేకపోతే పై కుండ కోసం ఆడపిట్టలు నెత్తురు కారేట్టు పొడుచుకుంటాయి. "ఆడిబిడ్డలకు చీరెలు పెట్టినట్టే. అన్నీ ఒక్క తీరుగ ఉండాలె, లేకుంటె ఇల్లు పీకి పందిరేత్తరు" అనేది. ఎండాకాలం వస్తే తడి కొత్తిమీర కట్టను పంజరంలో వేలాడదీసేది. పిట్టలు అందులో దూరి పొర్లి స్నానం చేసేవి. ఆ కొత్తిమీర ఎవరిదనుకున్నారు? మాదే! "కూరలోకే లేదు పెద్దమ్మా" అని కసిరితే, "కూర రేపన్న తినచ్చు. అవి ఉడకపోతకు సస్తానయ్ బిడ్డా" అని కట్ట లాక్కుపోయేది.

ఇంట్లో ప్రార్థన కూడిక పెడితే మా గల్లీకి పండగే. పాట అందుకోగానే పిట్టలూ అందుకునేవి. పాట ఆగినా అవి ఆగేవి కావు. పాస్టరుగారు గొంతు పెంచితే అవీ పెంచేవి. "అవి గూడ స్తుతిచ్చుకోనియ్యుండ్రి అయ్యగారూ, మీరే జర చిన్నగ చేయుండ్రి" అన్నది ఒకసారి. ఆయన కూడా నవ్వేశాడు.

కానీ పిట్ట గుడ్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆటలు సాగవు. పంజరం జరపొద్దు, కుండ ముట్టొద్దు, లోపలికి తొంగిచూడొద్దు. బెదిరి లేచిందంటే గుడ్లు చల్లారిపోతాయి. నా మొదటి కాన్పుకు కూడా ఇదే చట్టం పెట్టింది. చూడవచ్చిన ఆడవాళ్లను గుమ్మంలోనే ఆపి, "గుడ్లమీది పిట్టను, బాలింతను ఊకూకె తొంగిచూడద్దు" అని టీ తాగించి పంపేసింది. ఆమె పుణ్యాన నేను కంటినిండా నిద్రపోయాను. కన్నతల్లి కూడా అంత గట్టిగా కాపలా కాయదు.

ఆమె పోయిన రోజు పసుపు ఆడపిట్ట గుడ్ల మీద ఉంది. మధ్యాహ్నానికి చుట్టాలు దిగారు. శవపెట్టెను వరండాలో ఉంచాలన్నారు. పంజరం అడ్డం వచ్చింది. పెద్దమ్మ తమ్ముడు, పరకాల మామ, చొక్కా చేతులు పైకి మడిచి "నలుగురు పట్టుండ్రి, వెనకకు జరుపుదాం" అన్నాడు. నేను పోయి అడ్డం నిలబడ్డాను.

"జరిపితే పిట్ట లేస్తది మామా. గుడ్లు పోతయ్."

"మనిషి పోయిన ఇంట్ల పిట్టగుడ్ల లొల్లేందే?"

కోపమూ ఏడుపూ కలిసి వచ్చి రెండు చేతులతో జాలీ పట్టుకున్నాను. అప్పుడు నెక్కొండ నుంచి వచ్చిన పెద్దమ్మ బిడ్డ లేచింది. ఈ అక్కకు పిట్టలంటే గిట్టదు. "మా అమ్మకు నాకన్న వాటి ఫికరే ఎక్కువ" అని పోట్లాడిపోయేది. కుండ దిక్కు ఒక్క చూపు చూసి, "అమ్మను లోపటనే పెడదాం మామా. వచ్చేటోళ్లు లోపటికొచ్చి చూస్తరు" అన్నది.

గల్లీ గల్లీ అంతా ఆ వరండాలోంచే నడిచింది. అంత జనాన్ని చూసి పసుపు పిట్ట బెదిరి బయటికొచ్చింది. ఎంతసేపు బయటే ఉందో ఎవరం గమనించే స్థితిలో లేము. సాయంత్రం సమాధుల తోట నుంచి తిరిగొచ్చి చూస్తే మళ్లీ కుండలో ఉంది. గుడ్లు బతికాయా, చల్లారాయా? చూద్దామంటే చూడొద్దన్నది పెద్దమ్మే. అక్క నన్ను పూటపూటకూ అడిగేది, "ఏమైతది చెల్లే?" అని. నాకేం తెలుసు!

పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక నాడు అదే వరండాలో అందరం కూర్చున్నాం. పాట అయిపోయింది. పాస్టరుగారు ఈసారి గొంతు పెంచలేదు, పిట్టలు సద్దుమణిగేదాకా ఆగాడు. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన మాటకూ మాటకూ మధ్య సందులో కుండలోంచి సన్నగా, గీరినట్టు, ఒక చప్పుడు వచ్చింది. ఆగి, మళ్లీ వచ్చింది. పాస్టరుగారు ఒక కన్ను తెరిచాడు. పరకాల మామ నా చెవిలో "అదేనానే?" అన్నాడు. అదే, పిల్ల గొంతేనన్నాను. ఆయన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమెన్ అనకముందే అక్క లేచి వంటింట్లోకి పోయింది. పిల్లలు లేచినప్పుడల్లా తల్లిపిట్టకు పెద్దమ్మ పెట్టినట్టే, కోడిగుడ్డు ఉడకబెట్టి, మెత్తగా నలిపి గిన్నెలో వేసుకొచ్చింది. కుండ దిక్కు చూడకుండా మొహం వీధివైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం మెల్లగా పంజరంలోకి చాపింది.