పరీక్ష రోజున పోయిన టీచరమ్మ

టీచరమ్మ పోయారన్న కబురు పొద్దున్నే ఎదురింటి ఖాలా తెచ్చింది. నేను మా అమ్మాయికి టిఫిన్ డబ్బా కడుతున్నాను. ఖాలా నన్ను గుమ్మం బయటికి పిలిచి, గొంతు తగ్గించి, "టీచరమ్మ గుజర్ గయే బేటా. నిద్రల్నే పోయింది. పిల్లకు ఇప్పుడే చెప్పకు" అంది.

ఆ రోజు మా అమ్మాయికి ఇంగ్లిష్ పరీక్ష.

గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన టీచరమ్మ, రిటైరయ్యాక కూడా శాలిబండలో మా సందులోనే ఉండిపోయారు. మాది పాల వ్యాపారం. నా చదువు తెలుగు మీడియంలో పదో తరగతి దాకానే. పోయిన ఏడాది స్కూలు వాళ్లు నన్ను పిలిపించారు. చదవమంటే పిల్ల నిలబడి ఏడుస్తోందని, ఇంగ్లిష్ ఇలాగే ఉంటే అదే క్లాసులో ఉంచేస్తామని చెప్పారు. ఇంట్లో ఎవరు చెప్తారని అడిగారు. ఆ సాయంత్రమే వెళ్లి టీచరమ్మ తలుపు తట్టాను.

"పిల్లకు జర చెప్పుండ్రి టీచరమ్మా. నాకైతే ఏం రాదు."

"నువ్వూ కూర్చో. నేను ఊరెళ్లిన రోజు దానికెవరు చెబుతారు?" అన్నారు.

అలా ఇద్దరం ఆమె చాప మీద కూర్చున్నాం.

"వాక్యం అంటే పెళ్లిల్లు అనుకోండి. ముందు పెళ్లికొడుకునీ, పెళ్లికూతుర్నీ వెతకండి. ఎవరు, ఏం చేశారు. నౌను, వర్బు. మిగతా వాళ్లంతా చుట్టాలే. తర్వాత పలకరించవచ్చు."

"మరి అడ్జెక్టివ్?" అంది మా అమ్మాయి.

"పెళ్లికొడుకు తలపాగా. లేకపోయినా పెళ్లి ఆగదు, ఉంటే అందం."

భయంతో అది ఎక్కడా ఆగకుండా చదివేది. టీచరమ్మ పక్కన నీళ్ల గ్లాసు పెట్టి, ఫుల్‌స్టాప్ వచ్చిన ప్రతిచోటా ఒక గుక్క తాగించేవారు. పేరా అయిపోయాక, "ఇందులో ఏముందని ఖాలా అడిగిందనుకో, ఒక్క మాటలో చెప్పు" అనేవారు. కుక్క గురించిన పేరా అయితే, మా అమ్మాయి దాని రంగు దగ్గర మొదలుపెట్టి తోక దాకా చెప్పేది. "అంత చెబితే ఖాలా పొయ్యి మీద అన్నం మాడిపోతుంది" అని నవ్వేవారు.

పరీక్ష ముందు రోజు ఆమెకు ఆయాసంగా ఉంది. అయినా పాఠం మానలేదు. నా మొహంలో దిగులు చూసి, "ఫికరు పడకమ్మా" అన్నారు. మా దగ్గర నేర్చుకున్న ఆ మాట ఆమె యాసలో వింతగా వినిపించేది. తర్వాత తనే, "నాకూ గుండె దడగానే ఉందిలే" అన్నారు.

తెల్లారి ఆటో ఎక్కబోతూ మా అమ్మాయి అడిగింది, "టీచరమ్మకు చెప్పి పోదమా?"

"పండుకున్నది బిడ్డా. వచ్చినంక పోదం."

పరీక్ష అయ్యేదాకా స్కూలు గేటు దగ్గరే నిలబడ్డాను. మా సందు పిల్లలెవరైనా లోపల చెప్పేశారేమో, ఇది పేపరు ముందు ఏడుస్తూ కూర్చుందేమో అని ఒకటే గుబులు. చెప్పకపోవడం తప్పేమోనని ఇంకో గుబులు.

అది పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, పేరా మొత్తం సమజైంది! పా, టీచరమ్మకు చెప్త."

ఇక దాచలేకపోయాను. "టీచరమ్మ పొద్దుగాల్నే చనిపోయింది బిడ్డా."

అది నా వైపే చూసింది. "నేను పరీక్షకు పొయ్యేటప్పుడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

ఆటోలో నా చెయ్యి పట్టుకోలేదు. ఆ తర్వాత అది పాసయింది, పై క్లాసుకూ వెళ్లింది. కానీ ఆ ప్రశ్న అడిగినప్పటి దాని మొహం నన్ను వదలడం లేదు. నేను చేసింది సరైనదేనా అని అడగాలంటే, అడగడానికి టీచరమ్మ లేరు.

ఆ రోజు మేం ఆటో దిగేసరికి ఆమె ఇంటి ముందు టెంటు వేసి ఉంది. టీచరమ్మను అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. చల్లదనానికి అద్దం మీద చెమ్మ పట్టి మొహం మసకబారుతోంది. మా అమ్మాయి జనాన్ని తప్పించుకుని దగ్గరికి వెళ్లి, యూనిఫాం చొక్కా చేతితో అద్దం తుడిచింది. మళ్లీ చెమ్మ పట్టింది. మళ్లీ తుడిచింది. ఎవరూ దాన్ని పక్కకు జరపలేదు.