బంకమట్టి పడవ

నా చిన్నప్పుడు మా ఊరు కోంట ఇంకా బస్తర్ సంస్థానంలోనే ఉండేది. మా నాన్నకు అక్కడ ఉప్పు, బట్టల దుకాణం. నాకు ఆరేళ్లప్పుడు, వానలు పట్టే ముందు, అమ్మ పురుటి కోసం శబరి నది దాటి పుట్టింటికి వెళ్లింది. నన్ను తీసుకెళ్లలేదు. మర్నాడు రేవుకు పోయి చూస్తే అమ్మ ఎక్కిన పడవ ఒడ్డున కట్టేసి ఉంది. అందులో ఎవరూ లేరు. చూసిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. దుకాణంలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వీధిలోకి ఊరికే తిరిగేదాన్ని. నోట్లో ముద్ద మింగకుండానే కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. జడ వేయబోయిన నాయనమ్మ చేయి కొరికాను. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుండేది. పిల్లకు పొగరెక్కిందని నాయనమ్మ, గాలి సోకిందని వీధిలోవాళ్లు అనుకున్నారు. నాన్నేమో ఉప్పు కొలుస్తూ కొలత మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఏమైందే అని ఎవరడిగినా కోపమొచ్చిందనేదాన్ని. నాకు తెలిసిన మాట అదొక్కటే.

పక్కింటి అక్క అక్కడి దోర్ల తెగ ఆడపడుచు. ఒకరోజు కొత్త పొయ్యి వేసుకుందామని పెరట్లో బంకమట్టి, ఊక కలిపి నీళ్లు పోసింది. వాళ్ల కోడిపిల్లల్ని తరుముతున్న నన్ను రెక్క పట్టుకుని ఆ మట్టిలో నిలబెట్టి తొక్కమంది. కసితీరా తొక్కాను. కాళ్లు అలిసి నేను కూలబడ్డాక, గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టింది. "నీ కోపం ఎట్లుంటదో చేసి చూపియ్యి పిల్లా" అంది.

పులిని చేద్దామనుకున్నాను. తల నిలవలేదు, నలిపేశాను. మళ్లీ మొదలుపెడితే వేళ్లు వాటంతటవే మట్టిని పొడుగ్గా సాగదీసి నడుమ గుంట చేశాయి. అది పడవైంది. అక్క పొయ్యి గోడ నునుపు చేస్తూనే ఇటు చూసి, "ఇందులో మనుషులేరి?" అని అడిగింది.

"మునిగిపోయిండ్రు" అన్నాను. నాలో ఆ మాట ఉందని, అది బయటికొచ్చాకే నాకు తెలిసింది. గుండె పగిలేలా ఏడుస్తూ, రేవులో చూసిన ఖాళీ పడవ సంగతి చెప్పాను.

అక్క నవ్వలేదు, ఊరుకోమని కూడా అనలేదు. "ఇది కోపం గాదు, భయం. దీన్ని బుగులంటరు" అంది. ఆ మట్టి చేతులతోనే నన్ను రేవుకు తీసుకెళ్లింది. పడవ నడిపే తాత అంతా విని, "మీ అమ్మను అవతలి దరిన దించిన. బండెక్కి పోయింది. ఎనక్కొచ్చే పడవ ఖాళీగనే వస్తది గద బిడ్డా" అన్నాడు. ఆ మాట ఆయన చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.

సాయంత్రం ఆ మట్టి పడవను దుకాణానికి పట్టుకెళ్లి, మిగిలిన మట్టి ముద్దను నాన్న చేతిలో పెట్టాను. ఎందుకని అడగకుండా ఆయన చాలాసేపు దాన్ని పిసుకుతూ కూర్చున్నాడు. చివరికి ఒళ్లో పసిబిడ్డతో అమ్మను చేసి నా పడవలో కూర్చోబెట్టాడు. బొమ్మ జారిపడకుండా చుట్టూ మట్టి అదిమి, అది కదులుతుందేమోనని రెండుసార్లు చూశాడు. నాన్నది కూడా బుగులేనని అప్పుడు అర్థమైంది. ఆ పూట ఆయన పక్కనే కూర్చుని కంచం ఖాళీ చేశాను. వానలు తగ్గాక అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని రేవులో అదే పడవ దిగింది.

ఇప్పుడు మా ఇంట్లో మనవలు కాళ్లు నేలకేసి కొడితే ఏమైందని అడగను, పిండి ముద్ద ఇస్తాను. నా ఒంట్లో చీమలు పాకిన రోజున కూడా ఒక ముద్ద చేతిలోకి తీసుకుంటాను. అది ఏదవుతుందో చూశాకే, నాకు కోపమొచ్చిందో బుగులు పుట్టిందో ఇంట్లోవాళ్లకు చెబుతాను.