తెగిన పడుగు

బ్రిటిష్ వాళ్ల రోజుల్లో, దాజీ పేట్ అనే మా నేతగాళ్ల వాడలో, మా గడప ముందు పొద్దున్నే పడుగు సాచి గంజి పట్టించేవాళ్లు. సాచిన పడుగును తాకకూడదని మాకు నడకతో పాటే నేర్పారు.

మిల్లు దారిలో ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడని తెలిసిన మర్నాడే మా పెద్దమ్మ ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి, గల్లీలో నాకు అడ్డం నిలబడింది.

"నేనే వాన్ననుకో. నన్ను తప్పించుకొని ఇంట్ల పడు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె బొటనవేలు వెనక్కి వంచి విడిపించుకుని ఇంటివైపు పరుగెత్తాను. పడుగు ఎదురవగానే ఆగిపోయాను. వెనక నుంచి జడ పట్టి గుంజింది. మూడుసార్లు ఉరికినా అంతే. ఆగిన నా కాళ్ల మీద నాకింకా కోపమే.

"ఏంది పోరీ, ఆగినవ్?"

"పడుగు, పెద్దమ్మా."

"పోగు తెగితే అతుకుతం. నిన్నెట్ల అతకాలె? చల్, ఇంకోపారి!"

నాలుగోసారి పడుగులోంచే దూసుకుపోయాను. పోగులు పటపటా తెగాయి. అది ఆమె నేయాల్సిన పడుగే. రుమాలైనా విప్పకుండా ఆమె తెగిన పోగులు ముడేయడానికి కూర్చుంది. నేనూ పక్కన కూర్చోబోయాను.

"ముడులు నేనేస్త," అంది తలెత్తకుండా. "నువ్వు ఉరుకు."