ముందు తినే రోగం

అత్తగారింట్లో నాకు వచ్చిన మొదటి బిరుదు తిండిపోతు. రెండోది గయ్యాళి. రెండూ ఒక్క నెలలోనే సంపాదించుకున్నాను. అంతకుముందు మూడేళ్లు కాపురం చేసినా ఆ ఇంట్లో నన్ను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, నిజం చెప్పొద్దూ, మొదట్లో కొంచెం గర్వంగానే ఉండేది.

పోలీసు చర్యకు ముందటి చలికాలం అది. మాది దేవరయాంజాల్. కొంచెం పొలం, రెండెడ్లు, ఒక బర్రె. ఇంట్లో మామ, అత్త, మా ఆయన, నేను. తినడానికి ఒక వరుస ఉండేది. ముందు మగవాళ్లు. వాళ్లు చేతులు కడుక్కుని చుట్టలు ముట్టించాక, కుండలో ఏం మిగిలితే అది మేమిద్దరం. మామ ఎంత ఆలస్యంగా వచ్చినా అంతదాకా జొన్నగట్క కుండ మీద మూత తీయకూడదు. అత్త ఆ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్లయినా ఒక్కసారి కూడా తీయలేదట. ఆ మాట రోజూ చెప్పేది, కాశీకి వెళ్లొచ్చినవాళ్లు కాశీ గురించి చెప్పినట్టు.

నేను తీశాను. పొద్దున రెండు రొట్టెలు తిన్నా గంటకల్లా కడుపు కాలిపోతోంది. గట్క ముద్ద తీసి పచ్చిపులుసు పోసుకుని నిలబడే తినేశాను. అత్త చూడనే చూసింది.

"మొగోళ్లు తినకముందే కుండల చెయ్యి వెట్టినవా? ఏం పిల్లవే నువ్వు!"

నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు.

"ఆకలైతే తినక, కుండను సూసుకుంట కూసోవాల్నా అత్తా?"

అన్నాక నాకే భయమేసింది. చేతులు వణికాయి. ఆ వణుకుతున్న చేతులతోనే ఇంకో ముద్ద తీసుకున్నాను.

వణుకు ఆ రోజుతో పోలేదు. తింటున్నకొద్దీ చిక్కిపోతున్నాను. అందరూ గొంగళ్లు కప్పుకుంటుంటే నేను చెమటలు తుడుచుకుంటూ గడపలో కూర్చునేదాన్ని. ఊరికే ఏడుపొచ్చేది, ఊరికే కోపమొచ్చేది. గుండె దడదడ కొట్టుకునేది. అయితే ఆ ఏడు ఊళ్లో గుండెదడ లేని మనిషి ఎవరు? వీధిలో కొత్త మనిషి అడుగు చప్పుడైతే చాలు, తలుపులు వేసుకునే రోజులు. అందుకని నా దడకు ప్రత్యేకంగా దక్కిన మర్యాదేమీ లేదు.

"నువ్వు తినేదంత కడుపుల పురుగులే తింటున్నయ్" అని అత్త తేల్చింది. పదిహేను రోజులు పరగడుపున వేపాకు రసం పోసింది. ఒక్క పురుగు కూడా పడలేదు. నోరు మాత్రం చేదెక్కి, నా మాటలకూ ఆ చేదు అంటుకుంది. ఒక మధ్యాహ్నం మామ తాపీగా ముద్దలు చేసుకుంటుంటే, "జల్దీ తిను మామా, నీ ఎనుక ఇద్దరున్నరు" అన్నాను.

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్త తీర్పు చెప్పింది.

"ఉగాది దాక సూస్త. నీ నోరు, నీ కడుపు అదుపుల వడితె సరే. లేకుంటె తల్లిగారింటికి తోలిస్త."

మా ఆయన అక్కడే ఎద్దు మెడ గోకుతూ నిలబడ్డాడు. ఎద్దయినా తల ఊపింది. ఆయన అదీ చేయలేదు. నాకు నిజంగానే భయం పట్టుకుంది. మా తల్లిగారింట్లో ఇద్దరు అన్నలు, ఇద్దరు వదినలు, ఏడుగురు పిల్లలు. అక్కడి వరుస ఇంకా పొడుగు.

నన్ను కాపాడింది గాజులమ్మే బీబీ. షామీర్‌పేట నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని ప్రతి పండగకు ముందు వచ్చేది. ఈసారి ఎప్పటి సైజు గాజు తొడిగితే అది మోచేతి దాకా జారిపోయింది. ఆమె చెయ్యి వదిలేసి నా గొంతు వైపు చూసింది.

"అరె, చెయ్యేమో పోరిదాని లెక్క సన్నగైంది, గొంతేమో ఉబ్బింది. జర ఉమ్మి మింగు బిడ్డా."

మింగాను. గొంతులో ఏదో గడ్డ పైకి లేచి కిందికి దిగింది.

"మా ఆడిబిడ్డకు గిట్లనే ఉండె. గుడ్లు మిటకరించి సూసేది. ఒకనాడు మొగణ్ణి సుత తన్నింది. సికింద్రాబాద్ దవాఖానల డాక్టరమ్మ మందిచ్చినంక మంచిగైంది."

మిగతాదంతా అత్త చెవికి ఎక్కిందో లేదో కానీ, మొగణ్ణి తన్నిందన్న మాట ఎక్కింది. ఒకసారి కొడుకును ఎగాదిగా చూసి, బండి కట్టమంది. మేడ్చల్‌లో రైలెక్కాం.

డాక్టరమ్మది ఆంధ్ర వైపు మాట. నా చేతులు చాపించి, వేళ్ల మీద ఒక కాగితం పరిచింది. కాగితం గజగజ వణికింది. గొంతులో ఒక గ్రంథి ఉంటుందనీ, అది అవసరానికి మించి పనిచేస్తోందనీ, పొయ్యిలో కట్టెలు ఎక్కువ తోసినట్టు తిన్నదంతా కాలిపోతోందనీ చెప్పింది. కొత్తగా వచ్చిన మాత్రలు రాసింది. పాలు తాగాలి, గుడ్డు తినాలి, బరువులు మోయకూడదు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి. నన్ను ఎవరూ కంగారు పెట్టకూడదు. ఆఖరున అత్త వైపు తిరిగింది.

"ఆకలేసినప్పుడు ఈమెకు అన్నం పెట్టండి. ఎవరి కోసమూ ఆపకండి. ఆ కోపం కూడా సగం జబ్బే."

మిగతా సగం ఎవరిదో నేను అడగలేదు.

ఇక చూడండి నా వైభవం! మామ పొలంలో ఉండగానే అత్త స్వయంగా నా ముందు పళ్లెం పెట్టేది. "తిను, నీకు రోగం గద" అనేది. నెలలు గడిచేకొద్దీ ఒళ్లు తేరుకుంది, దడ తగ్గింది. ఉగాది వచ్చింది, వెళ్లింది. తల్లిగారింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కానీ నేను ముందు తినేయడంతో ఆఖరున తినేది అత్త ఒక్కతే అయింది. అంతకుముందు ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నప్పుడు నా చూపు నా పళ్లెం మీదే ఉండేది. ఇప్పుడు కడుపు నిండి కూర్చుని చూస్తే కనిపించింది. ఆమె కుండ అడుగు మాడు గీకి, సల్ల పోసి కలిపి, రెండు గుక్కల్లో తాగి లేచేది. అదే ఆమె భోజనం. మూడేళ్లుగా అందులోనే నాకు సగం పెట్టింది. నాకు సిగ్గేసింది. "నువ్వు గూడ నాతోనే తిను అత్తా" అన్నాను ఒకరోజు. "నాకేం రోగమే?" అని కసిరింది.

మూడోసారి దవాఖానకు వెళ్లినప్పుడు నా వేళ్ల మీద కాగితం కదలలేదు. డాక్టరమ్మ నవ్వి, మాత్రలు తగ్గించింది. నేను లేచాను. అత్త లేవలేదు. మెడ చుట్టూ కప్పుకున్న కొంగు మెల్లగా తీసింది.

"డాక్టరమ్మా, జర నా గొంతు గూడ సూడు."

డాక్టరమ్మ తడిమి చూసింది. నీళ్లు మింగించింది. చేతులు చాపించి కాగితం పరిచింది. ముప్పై ఏళ్లు జొన్నలు విసిరిన చేతులు. కాగితం ఇసుమంతైనా కదలలేదు.

"మీకేం లేదమ్మా. గట్టిగా ఉన్నారు."

ఇంకొకరైతే దండం పెట్టి లేచేవాళ్లే. అత్త ముఖం చిన్నబోయింది.

"ఇంకొకపారి మంచిగ సూడు బిడ్డా. నాకు గూడ మస్తు ఆకలైతది."

"ఎప్పటినుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

"కాపురానికొచ్చిన కాడికెళ్లి" అంది అత్త.